ప్రార్థించారా, పంపించారా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

మా సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక యవ్వనస్థుల కూటమి జరుగుతుంది. పదిహేనేళ్ళ నుంచి పాతికేళ్ళ లోపు పిల్లలు పాతికా ముప్ఫైమంది వస్తారు. వాళ్ళలో చాలామందికి సండే స్కూల్లో పాటలు నేర్పినదాన్ని నేనే గనక ఇప్పటికీ నన్ను ఓ మూల కూర్చోనిస్తారు. ఆమధ్య ఒక ఆదివారం పాస్టరుగారు వేరే ఊరు వెడుతూ, "ఈ పూటకి మీరే నాలుగు మాటలు చెప్పండమ్మా" అని ఆ పని నా మీద పెట్టి వెళ్ళారు. మైకు ముందు మాట్లాడడం నాకు అలవాటే గాని, పద్ధెనిమిదేళ్ళ పిల్లల ఎదుట నోరు పెగలడం కష్టం సుమండీ. "మీ మనసులో ఉన్న ప్రశ్న చీటీ మీద రాసివ్వండి, పేర్లు రాయక్కర్లేదు" అన్నాను. పంతొమ్మిది చీటీలు వచ్చాయి. విప్పి చూద్దును గదా, పధ్నాలుగు ఫోను సంగతులే!

"రోజూ స్టేటస్‌లో వాక్యం పెట్టకపోతే దేవుణ్ణి గురించి సిగ్గుపడుతున్నట్టా?" అని ఒకరు. "మన విశ్వాసాన్ని తిట్టిన వీడియో కింద జవాబు రాయకపోతే అది పిరికితనమా?" అని ఒకరు. "నాకు ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు అకౌంట్లున్నాయి. ఒకటి చర్చివాళ్ళకి, ఒకటి ఫ్రెండ్స్‌కి. ఇది పాపమా?" అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంకొకరు. ఒక చీటీ మీద మాత్రం, "ఆంటీలు ఫార్వర్డు చేసేవన్నీ నిజమేనా?" అని ఉంది. అది చదవగానే అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు మాత్రం పెదవుల దగ్గరే ఆగిపోయింది. ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

ఆ చీటీలు ముందు పెట్టుకుని ఆవేళ పిల్లలతో మాట్లాడిన మాటలే ఇవాళ మీతోనూ చెబుదామని. మీరు క్రైస్తవులు కాకపోయినా ఫరవాలేదు. మీ చేతిలోనూ ఫోను ఉండే వుంటుంది.

మన క్రైస్తవ కుటుంబాల్లో 'సాక్ష్యం' అనే మాట ఉగ్గుపాలతో వచ్చేస్తుంది. జ్వరం తగ్గినా, పరీక్ష పాసయినా, ఉద్యోగం వచ్చినా మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పమంటారు. మా పిల్లలు స్టేటస్ పెట్టడాన్ని కూడా సాక్ష్యమనే అంటున్నారు. బాగానే ఉంది. అయితే ఈ మాటకే కచేరీలో ఇంకో అర్థం ఉంది. మా నాన్నగారు ప్లీడరు గుమాస్తా. ఆయన చెప్పేవారు: సాక్షి బోనెక్కి, "మా బావమరిది చెప్పాడండీ, ఆ రాత్రి అక్కడ గొడవైందిట" అన్నాడనుకోండి, జడ్జీగారు కలం కింద పెట్టేస్తారట. నోటితో చెప్పే సాక్ష్యం స్వయంగా చూసినవాడిదో, స్వయంగా విన్నవాడిదో అయివుండాలి. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది గాని ఈ నియమం మాత్రం చెక్కు చెదరలేదు.

పది ఆజ్ఞల్లో తొమ్మిదోది కూడా ఈ కచేరీ సాక్ష్యం గురించే. (కాథలిక్కుల లెక్కలో ఇది ఎనిమిదోది. లెక్క ఏదైనా ఆజ్ఞ ఒకటే.) ఊరికే అబద్ధం ఆడొద్దని కాదు అందులో ఉన్నది, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకొద్దని. ఆ రోజుల్లో ఊరి గుమ్మం దగ్గర పెద్దలు కూర్చుని తగవు తీర్చేవారు. ఒక్కడి మాట మీద ఎవరినీ శిక్షించకూడదు, ఇద్దరో ముగ్గురో సాక్షులుండాలి. మరణశిక్ష పడితే మొదటి రాయి సాక్షి చెయ్యే వెయ్యాలని ద్వితీయోపదేశ కాండంలో ఉంది. ఎంత భయంకరమైన ఏర్పాటో అనిపిస్తుంది గాని, దాని వెనక ఒక తెలివి ఉంది చూశారా? నువ్వు చెప్పిన మాట వల్ల ఒక మనిషికి ఏమవుతుందో నీ కళ్ళతో నువ్వే చూడాలన్నమాట. ఫోనులో ఆ సదుపాయం లేదు. రాయి వేసిన చెయ్యి దుప్పట్లో ఉంటుంది, రాయి ఎక్కడో పడుతుంది.

ఇది అతిశయోక్తి అనుకుంటారేమో. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మన తెలుగు జిల్లాలతో సహా దేశమంతా వాట్సాప్‌లో పుకారు పాకింది. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా అనే పల్లెలో ఐదుగురు బాటసారుల్ని జనం కొట్టి చంపేశారు. రెండు వారాలు తిరక్కుండానే కర్ణాటకలో బీదరు జిల్లాలో హైదరాబాదు యువకుడొకడు అలాగే ప్రాణం పోగొట్టుకున్నాడు. అతనితో ఉన్న స్నేహితులు దారిలో బడిపిల్లలకి చాక్లెట్లు ఇవ్వబోయారు, అదీ వాళ్ళు చేసిన నేరం. ఆ మెసేజ్‌లు పంపినవాళ్ళలో ఏ ఒక్కరూ చంపుదామని పంపలేదు. "పిల్లలు జాగ్రత్త" అని మంచి మనసుతోనే పంపారు. మనలాంటి అమ్మలే పంపారు. ఆ తరవాతే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక కబురు ఒక్కసారికి ఐదు చోట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, బాగా చేతులు మారి వచ్చిన కబురైతే ఒక్కసారికి ఒక్క చోటుకే వెడుతుంది. దాని మీద రెండు బాణం గుర్తులుంటాయి, గమనించండి. చూసినవాడెవడో పంపినవాడికి కూడా తెలియని సాక్ష్యం అది.

భక్తి కబుర్ల సంగతి మరీ విచిత్రం. మా చిన్నప్పుడు పోస్టుకార్డులు వచ్చేవి: ఇలాంటి కార్డులు ఇన్ని రాస్తే శుభం కలుగుతుంది, చించేస్తే కీడు జరుగుతుంది అని. దేవుడి పేరు మారేది గాని కార్డు అదే. మా అమ్మ ఒకసారి రాత్రంతా కూర్చుని రాసింది పాపం, కీడుకి భయపడి. ఇవాళ ఆ కార్డే సిలువ బొమ్మతో ఫోనులోకి వచ్చింది. "ఆమేన్ అని రాసి పదిమందికి పంపు, సాయంత్రంలోగా అద్భుతం." క్రీస్తు కృపకి పదిమంది లెక్కేమిటి? ఇది విశ్వాసం కాదు, వెనకటి తాయెత్తే.

ఇంకోటి వినండి. 2007 జులైలో ఆఫ్ఘనిస్తాన్‌లో దక్షిణ కొరియా సంఘంవాళ్ళు ఇరవైముగ్గురిని తాలిబాన్లు ఎత్తుకుపోయారు. ఇద్దరిని చంపారు. మిగిలినవాళ్ళని ఆగస్టు నెలాఖరుకల్లా విడిచిపెట్టారు. ఆ కథ అక్కడికి ముగిసింది. కాని ఒకటి రెండేళ్ళ తరవాత, "ఇరవైరెండు మంది మిషనరీలకి రేపు మధ్యాహ్నం మరణశిక్ష, అత్యవసరంగా ప్రార్థించండి, అందరికీ పంపండి" అని ఒక కబురు బయల్దేరింది. ఆ 'రేపు' ఇన్నేళ్ళుగా రాలేదు, కబురు మాత్రం తిరుగుతూనే ఉంది. మా గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. మూడోసారి మా కుర్రాడొకడు, "ఆంటీ, వీళ్ళు ఇంకా బతికే ఉన్నారా?" అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు గాని, ఆ వేళాకోళంలో నాకు ప్రమాదం కనిపించింది. నిజంగా హింస పడే క్రైస్తవులున్నారు. 2008లో ఒడిశా కంధమాల్‌లో ఇళ్ళు తగలబడి అడవుల్లోకి పారిపోయినవాళ్ళున్నారు. అబద్ధపు కబుర్లకి అలవాటుపడి మన పిల్లలు నవ్వడం నేర్చుకుంటే, రేపు నిజమైన కేక వినబడ్డప్పుడు కూడా నవ్వుతారు.

ఇక నా సంగతి. నిజమో కాదో తెలియని కబురు పంపడం ఒక రకం. నిజమైన కబురే పంపడం ఇంకో రకం. నేను చేసింది రెండోది.

మా సంఘంలో నర్సింగు చదువుతున్న ఒక అమ్మాయి ఉంది. నా చేతుల్లో పెరిగిన పిల్లే. ఒక గురువారం స్త్రీల సమాజం కూటమి అయ్యాక నా పక్కన చేరి, చిన్నప్పటి నుంచి తనకి ఫిట్స్ ఉన్నాయనీ, మాత్రలు వాడుతోందనీ, నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదనీ, ఇప్పుడు పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నారు గనక అబ్బాయికి తనే స్వయంగా ఈ మాట చెప్పాలనుకుంటోందనీ, ధైర్యం చాలడం లేదనీ చెప్పింది. "ప్రార్థన చెయ్యండి ఆంటీ" అంది. తప్పకుండా అన్నాను. ఇంటికొచ్చి అన్నం పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోగా మా స్త్రీల సమాజం గ్రూపులో రాశాను. అమ్మాయి పేరు రాశాను. జబ్బు పేరు రాశాను. సంబంధం ఏ ఊరిదో కూడా రాశాను. వివరంగా రాస్తే భారంతో ప్రార్థిస్తారు గదా అనుకున్నాను. ఆ గ్రూపులో నూట పన్నెండు నెంబర్లున్నాయి.

ఆదివారం నాటికి అబ్బాయివాళ్ళ అమ్మకి ఆ మెసేజ్ చేరింది. ఎలా చేరిందో అడక్కండి. ఆ ఊళ్ళోనూ ఒక స్త్రీల సమాజం ఉంది, దానికీ ఒక గ్రూపు ఉంది, అంతే. వాళ్ళు "మాకు దాచిపెట్టారు" అన్నారు. సంబంధం తప్పిపోయింది. సోమవారం సాయంత్రం ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. గొడవ పెట్టుకోలేదు, ఏడవనూ లేదు. గుమ్మంలోనే నిలబడి ఒక్క మాట అడిగింది: "ఆంటీ, మీరు నా కోసం ప్రార్థించారా, పంపించారా?"

నిజం చెప్పనా? ప్రార్థించలేదు. గురువారం రాత్రి పడుకోబోయే ముందు ఆ మెసేజ్ కింద ఎన్ని దండాలు వచ్చాయో లెక్క చూసుకున్నాను. ముప్ఫైయేడు. అవి చూసి, పని అయిపోయిందని తృప్తిగా దీపం ఆర్పేశాను.

ప్రార్థన చేసుకునేటప్పుడు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమని కొండ మీద ప్రసంగంలో ప్రభువు చెప్పాడు. ఎన్నిసార్లు పిల్లల చేత వల్లె వేయించానో ఆ అధ్యాయం! ఆ తలుపు మన భక్తి పదిమందికీ కనబడకుండా ఉండడానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎదుటివాళ్ళ కష్టం బయటికి పోకుండా ఉండడానికి కూడా అని నాకు ఆ గుమ్మంలో తెలిసింది. వెనక మన ఇళ్ళల్లో ప్రార్థన కూటమి అంటే పది మొహాలు ఎదురెదురుగా ఉండేవి. ఎవరి ముందు ఏది చెప్పాలో, ఎక్కడ ఆపాలో మొహాలు చూస్తే తెలిసేది. గ్రూపుకి మొహం లేదు, తలుపూ లేదు. నూట పన్నెండు నెంబర్లలో నాకు మనిషి గుర్తొచ్చేవి సగం కూడా లేవు.

"అది తీసేయండి ఆంటీ" అంది. ఫోను తీశాను. 'అందరికీ తొలగించు' అనే వీలు ఒకటుంది గాని, అది పంపినప్పటి నుంచి రెండు రోజుల పైచిలుకు వరకే. అప్పటికి నాలుగు రోజులైంది. గడువులో తీసినా మన గ్రూపులోనే పోతుంది, అక్కడి నుంచి ఇంకెవరో పంపింది పోదు, ఫొటో తీసి దాచుకున్నది అసలే పోదు. చివరికి గ్రూపు నడిపే అమ్మగారి చేత తీయించాను. ఆవిడ తీసినా అంతే, మా గ్రూపు వరకే. సరే, గ్రూపులో అందరి ముందూ క్షమాపణ రాస్తానన్నాను. "వద్దండీ, అప్పుడు చదవనివాళ్ళు కూడా ఇప్పుడు చదువుతారు" అంది. చూశారా, తప్పు ఒప్పుకోవడానికి కూడా దారి లేకుండా చేసుకున్నాను. వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళ అమ్మానాన్నల ముందు చేతులు పట్టుకుని అడిగాను. వాళ్ళ నాన్నగారు మంచినీళ్ళిచ్చారు గాని మాట్లాడలేదు. ఆయన మాట్లాడడానికి ఐదు నెలలు పట్టింది.

సువార్తలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మంచంతో సహా మోసుకొచ్చి, జనం అడ్డమైతే ఇంటి కప్పు విప్పి దించారు, గుర్తుందా? వాళ్ళు అతని జబ్బు సంగతి ఊరంతా చాటలేదు, మంచం మోశారు. ప్రార్థన చెయ్యమన్నప్పుడు ఆ పిల్ల నన్ను అడిగింది ఒక కోడు పట్టుకోమని. ఇప్పుడు మా గ్రూపులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. అడగకుండా ఎవరి పేరూ రాయం. అడిగి రాసినా జబ్బు పేరు రాయం. ముందు ఇద్దరికో ముగ్గురికో ఫోను చేసి నోటితో చెబుతాం. నెమ్మది పనే, కాని మోసేవాళ్ళెవరో తెలుస్తోంది.

ఈ కథంతా, పిల్ల పేరు తీసేసి, ఆవేళ యవ్వనస్థుల కూటమిలో చెప్పాను. ముందుగా ఆ అమ్మాయిని అడిగాను లెండి. ఇవాళ మీతో చెప్పేముందు కూడా అడిగాను. పిల్లలు నవ్వడం మానేశారు. ఆ తరవాత వాళ్ళ చీటీల సంగతి మాట్లాడుకోవడం నాకూ తేలికైంది, పై మెట్టు మీద నిలబడి చెప్పే అర్హత పోయింది గనక.

రోజూ స్టేటస్ పెట్టాలా అన్న అమ్మాయికి ఇలా చెప్పాను. ప్రభువు ఒక కుష్ఠరోగిని బాగుచేసి, ఎవరితోనూ చెప్పొద్దు, యాజకుడికి కనపరచుకో అన్నాడు. ఇంకోచోట దయ్యాలు వదిలినవాణ్ణి నీ ఇంటికి వెళ్ళి నీవాళ్ళకి చెప్పు అన్నాడు. రెండూ మార్కు సువార్తలోనే ఉన్నాయి. కాబట్టి చెప్పడానికీ వేళ ఉంది, చెప్పకపోవడానికీ వేళ ఉంది. చెప్పేటట్టయితే మొదట ఇంట్లోవాళ్ళకి. పొద్దున్నే సూర్యోదయం బొమ్మ మీద వాక్యం పెట్టి, "కాఫీ గిన్నె కడుగు" అన్న అమ్మ మీద కస్సుమన్న పిల్లని నేను చూశాను. ఆ ఇంట్లో ఆ స్టేటస్ చదివే మొదటి మనిషి అమ్మే మరి! పెట్టొద్దనను. నచ్చితే పెట్టండి. పెట్టకపోతే ప్రభువు మిమ్మల్ని ఎరగనంటాడని మాత్రం ఎవరు బెదిరించినా నమ్మకండి.

రెండు అకౌంట్ల ప్రశ్నకి పిల్లలంతా చెవులు రిక్కించారు. సగంమందికి ఉన్నాయనుకుంటాను! పెద్దలు దీన్ని వేషధారణ అంటారు. నేనంత తొందరపడను. మా కాలంలోనూ నాన్నగారి ముందు ఒక మాట, స్నేహితురాలితో ఒక మాట ఉండేది. ప్రతి గదిలోనూ పెద్దవాళ్ళు తొంగిచూడక్కర్లేదు. పైగా ఆడపిల్ల తన ఫొటోలు తెలిసిన నలుగురికే చూపించుకోవడం మంచిదే కూడా. చూడవలసింది ఒక్కటే. రెండో అకౌంటులో ఎవరినైనా ఏడిపిస్తున్నారా? క్లాసులో నల్లగా ఉన్న పిల్ల బొమ్మ పెట్టి నవ్వుకుంటున్నారా? మొదటి అకౌంటులో ప్రేమ గురించి వాక్యం పెట్టిన వేలే రెండోదాంట్లో ఆ పని చేస్తే, అప్పుడు ఆలోచించుకోవాలి. ఒకే ఊటలోంచి తియ్యని నీళ్ళూ చేదు నీళ్ళూ ఊరతాయా అని యాకోబు పత్రికలో అడిగింది ఈ సంగతే.

తిట్టినవాళ్ళకి జవాబు రాయాలా అన్నది మగపిల్లాడి ప్రశ్న అని నాకు వెంటనే తెలిసింది, అతని మొహమే చెప్పింది. ఎదురు మతంవాళ్ళ దేవతల్ని వెక్కిరిస్తూ ఘాటుగా నాలుగు ముక్కలు రాశాడట, రెండొందల లైకులు వచ్చాయట. "ఉగాదికి మీ పక్కింటావిడ పచ్చడీ బొబ్బట్లూ పంపిస్తుంది, క్రిస్మస్‌కి మీ అమ్మ కేకూ అరిసెలూ పంపిస్తుంది. ఆ రాసింది ఆవిడ ఎదురుగా నిలబడి చదవగలవా?" అన్నాను. తల వంచేసుకున్నాడు. విశ్వాసాన్ని గురించి అడిగినవాళ్ళకి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు పత్రికలో ఉన్నమాట నిజమే. అది మనవాళ్ళందరికీ కంఠతా వచ్చు. సాత్వికంతో, గౌరవంతో చెప్పమని వెంటనే ఉన్న మాట మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ పత్రిక అందుకున్నవాళ్ళు నిజంగా నిందలు పడుతున్నవాళ్ళు, లైకుల కోసం వాదించేవాళ్ళు కారు. అడిగినవాడికి జవాబు, తిట్టినవాడికి మౌనం. బెదిరిస్తే ఆ పేజీ ఫొటో తీసి దాచి ఫిర్యాదు చెయ్యడం. చట్టం సంగతి కూడా చెప్పాను: 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షను ఉంది. ఏ మతంవాళ్ళ నమ్మకాన్నయినా కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. మనల్ని తిట్టినవాడికీ అదే, మనం తిట్టినా అదే. ఇలాంటి విషయంలో మనవాళ్ళేం తక్కువ తినలేదు, ఒప్పుకోవాలి.

కిందటి డిసెంబరులో మావాళ్ళు దుప్పట్లు పంచారు. ఆ ఫొటో చూడాలి మీరు! దుప్పటి పట్టుకున్న చేతులు ఆరు, పుచ్చుకుంటున్న ముసలావిడ మొహం ఒకటి. కెమెరా కోసం రెండుసార్లు ఇచ్చి పుచ్చుకున్నారు. ఆవిడ కొడుకు హైదరాబాదులో ఆటో నడుపుతాడు. ఫోనులో ఆ బొమ్మ చూసి, "మా అమ్మని అడుక్కునేదాన్ని చేశారు" అని ఏడ్చాడు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియనివ్వొద్దంటే మనం రెండు చేతులూ ఫొటోలో పెట్టాం. ఖర్చుకి లెక్క చూపించాలంటే బిల్లు ఉంది, మనిషి మొహం ఎందుకు? అలాగే, ఎవరో పాప ఆపరేషనుకి డబ్బు పంపమని గళ్ళగళ్ళ బొమ్మ వస్తే, ఆస్పత్రికి ఫోను చేసి కనుక్కున్నాకే స్కాను చెయ్యండి. జాలికీ విచారణకీ విరోధం లేదు. డబ్బు మోసపోతే ఆలస్యం చెయ్యకుండా 1930 నెంబరుకి ఫోను చెయ్యాలి. ఆడపిల్లల బొమ్మలు మార్చి బెదిరించేవాళ్ళ మీద కూడా సైబరు నేరాల విభాగానికి చెప్పుకోవచ్చు. తల్లులకి ఒక మాట: పిల్ల అలాంటి కష్టంతో మీ దగ్గరికొస్తే, "నువ్వు ఫోను చూడబట్టే" అని మొదలుపెట్టకండి. ఆ ఒక్క మాటకి భయపడే వాళ్ళు మనకి చెప్పడం లేదు.

ఉపవాసంలాగా శ్రమల కాలం నలభై రోజులూ ఇన్‌స్టాగ్రామ్ మానేశామని మా పిల్లలు ఇద్దరు చెప్పారు. చాలా సంతోషించాను. మానేస్తున్నట్టు ఇద్దరూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారని తరవాత తెలిసింది!

నవ్వులాటకేం గాని, ఫోనుతోనే పవిత్రంగా బతికినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఇటలీలో పెరిగిన కార్లో అకూతిస్ అనే అబ్బాయి సంగతి చెప్పాను. 1991లో పుట్టి, 2006 అక్టోబరులో రక్త కాన్సరుతో పదిహేనేళ్ళకే పోయాడు. కంప్యూటరు అంటే ప్రాణం. ప్రభువు భోజన సంస్కారానికి సంబంధించిన అద్భుతాలుగా కాథలిక్కులు నమ్మేవాటిని ఒక్కొక్కటే పోగుచేసి కంప్యూటరులో అందరూ చూసేలా అమర్చాడు. 2025 సెప్టెంబరు 7న పోపు పద్నాలుగో లియో అతన్ని పునీతుడిగా ప్రకటించారు. మేము ప్రొటెస్టెంట్లం, పునీతుల విషయంలో మా పద్ధతి వేరు. అయినా నాకు ఆ అబ్బాయిలో నచ్చినవి రెండున్నాయి. వీడియో ఆటలు వారానికి ఒక్క గంటే అని తనకి తనే హద్దు పెట్టుకున్నాడట. మిలాను నగరంలో వీధిలో పడుకునేవాళ్ళకి అన్నం, కప్పుకునే సంచీలు తన చేతిఖర్చు డబ్బుతో కొనిచ్చేవాడట. ఆ సంగతి తల్లిదండ్రులకి కూడా పూర్తిగా తెలియదు, అంత్యక్రియలకి వచ్చిన జనాన్ని చూశాక తెలిసిందంటారు. అద్భుతాలు అందరికీ చూపించాడు, అన్నం పెట్టింది మాత్రం చూపించుకోలేదు.

చివరి చీటీ విప్పేసరికి చీకటి పడింది. "ఫోను లేని కాలంలో యేసు శిష్యులకి మన బాధ ఏం తెలుసు?" అని ఉంది. గడుసు ప్రశ్నే! వాళ్ళకీ దూరం ఉంది, వాళ్ళకీ గాలికబుర్లున్నాయి. కాగితం మీద రాసి నమ్మకమైన మనిషి చేతికిచ్చి పంపేవారు. రోమా సంఘానికి పౌలు రాసిన పెద్ద పత్రికలో ఫీబే అనే ఆవిణ్ణి ఆదరించమని ఉంది. ఆ పత్రిక మోసుకెళ్ళింది ఆవిడేనని చాలామంది పండితులంటారు. యోహాను రాసిన రెండో పత్రిక ఉంది చూడండి, పదమూడే వచనాలు, వాట్సాప్ మెసేజ్ అంత. అది ఒక అమ్మగారికీ ఆవిడ పిల్లలకీ రాసినట్టుంటుంది. చివర్లో ఆయన, రాయడానికి ఇంకా చాలా సంగతులున్నాయి గాని కాగితంతో సిరాతో చెప్పడం ఇష్టం లేదనీ, వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలని ఉందనీ ముగిస్తాడు. ఆ వచనం నేను నలభై ఏళ్ళుగా చదువుతున్నాను, ఉత్తరం ముగించే మర్యాద మాట అనుకునేదాన్ని.

ఆ నర్సింగు అమ్మాయి చదువు పూర్తయి ఇప్పుడు ఆస్పత్రిలో డ్యూటీ చేస్తోంది. కిందటి నెల ఒక రాత్రి నా ఫోనుకి మెసేజ్ పెట్టింది: "ఆంటీ, ఒక విషయం ఉంది. ఇందులో కాదు. ఆదివారం మీ ఇంటికి వస్తాను." నేను తిరిగి ఏమీ రాయలేదు. ఆదివారం పొద్దున్నే లేచి పులిహోర కలిపాను.